వార్తల్లో పదం: ట్రాక్-2 దౌత్యం

శత్రుదేశాల ప్రభుత్వాల మధ్య మాటలు ఆగిపోయినప్పుడు కూడా మాజీ దౌత్యవేత్తలు, విశ్రాంత సైనికాధికారులు, పాత్రికేయులు, మేధావులు అనధికారికంగా జరిపే చర్చలే ట్రాక్-2 దౌత్యం. ప్రభుత్వాలు నేరుగా జరిపేది ట్రాక్-1. 1981లో అమెరికా దౌత్యవేత్త జోసెఫ్ మాంట్‌విల్ ఈ పేరును వాడుకలోకి తెచ్చారు. భారత్, పాక్ ప్రముఖుల మధ్య 1991లో మొదలైన నీమ్రానా చర్చలు ఈ కోవలోనివే. ఇలా చర్చించేవారికి ఒప్పందాలపై సంతకం చేసే అధికారం ఉండదు. ప్రభుత్వాలకు దారి చూపగలరు.

ఆ దారిన ప్రభుత్వాలను నడిపించేది ప్రజల ఒత్తిడే. గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాక్‌కు చిక్కారు. వారు జైల్లో ఉండగానే పుల్వామా ఉగ్రదాడి, బాలాకోట్ వైమానిక దాడులతో యుద్ధమేఘాలు కమ్ముకున్నాయి. అయినా కుటుంబాలు నాయకులకు అర్జీలు పెట్టడం మానలేదు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి స్వదేశంలో అడుగుపెట్టారు. 2008 నాటి ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఇరుదేశాలు ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఉద్రిక్తతల్లోనూ తెరిచి ఉంచిన తలుపు అది.

మచిలీపట్నం లోక్‌సభ స్థానంలోని మన ఉయ్యూరు నుంచి పాక్ సరిహద్దు ఎంతో దూరం. కానీ యుద్ధమొస్తే సరిహద్దుకు వెళ్లేది మన ఊళ్ల పిల్లలే. చర్చలు జరపాలని మచిలీపట్నం ఎంపీని అడగడం ఉయ్యూరు ఓటరు హక్కు. అలా అడగడం దేశద్రోహం కాదు, బాధ్యత.