కావలివాడు మేలుకొనవలెను

నంద్యాల జిల్లా యందలి ఆళ్లగడ్డ శిల్పులకు నెలవు. కర్నూలు నుండి నంద్యాల మీదుగా కడపకు పోవు జాతీయ రహదారిపై నున్న ఈ పట్టణమున ఉలిదెబ్బల చప్పుడు వినరాని దినము అరుదు. ఇచట మలచిన దేవతావిగ్రహములు దూరప్రాంతముల ఆలయములకు సైతము తరలిపోవును. విగ్రహ మెంత సుందరముగా నున్నను, ప్రతిష్ఠా ముహూర్తమునకు చేరకున్నచో శిల్పి శ్రమ యంతయు చిన్నబోవును. ముహూర్తము ఎవరికొఱకును ఆగదు. కావున శిల్పి ఉలిని ఎంత శ్రద్ధతో పట్టునో, కాలమును కూడ అంత శ్రద్ధతో కనిపెట్టి యుండవలెను.

అట్టి యొక శిల్పి ఇంట జరిగినట్లు ఒక చిన్న కథను ఊహింతము.

ఆ ఇంటి పెద్ద వృద్ధ శిల్పి. ఆయన మనుమడు లెక్కలను, ఉత్తరప్రత్యుత్తరములను కంప్యూటరుపై నడపుచుండెను. వారు చెక్కిన ఆంజనేయ విగ్రహము శుక్రవారము ఉదయమునకు దూరమున నున్న ఒక గ్రామమునకు చేరవలసి యుండెను. బుధవారము సాయంత్రము 4 గంటలకు మనుమడు నంద్యాలకు పోయి, లారీ యజమానిని కలిసి, బయానా ఇచ్చి బండిని కుదుర్చుకొనవలెను. ఈ సంగతిని అతడు ఈమెయిలు ప్రోగ్రాములోని క్యాలెండరు నందు వ్రాసికొని, 15 నిమిషములు ముందుగా గుర్తుచేయునట్లు ఏర్పఱచెను. మధ్యాహ్నము ఉత్తరముల పని ముగియగానే ఆ ప్రోగ్రామును మూసివేసి, పనిపాకకు పోయి విగ్రహమునకు నునుపు పెట్టుటలో మునిగిపోయెను.

రాత్రి 7 గంటలకు అతడు మఱల ఆ ప్రోగ్రామును తెఱచెను. తెఱచిన తక్షణమే గడువు దాటి 3 గంటలైనదని తెరపై సూచన కనబడెను. అతడు కంగారుతో నంద్యాలకు ఫోను చేసెను. "నీకొఱకు చూచి చూచి, వేఱొకరి సరుకునకు ఒప్పుకొంటిని నాయనా!" అని లారీ యజమాని బదులు చెప్పెను. గురువారము సాయంకాలము వఱకు తిరుగగా, ఎక్కువ బాడుగకు ఇంకొక లారీ దొరకెను. విగ్రహము ముహూర్తమునకు కేవలము ఒక గంట ముందుగా గ్రామము చేరెను.

"తాతా! నేను మఱచిన మాట నిజమే. కాని కంప్యూటరు మఱవదు గదా! వ్రాసి యుంచిన సంగతిని అది ఏల చెప్పలేదు?" అని మనుమడు వాపోయెను.

వృద్ధుడు నవ్వి, "పంచాంగములో ముహూర్తము వ్రాసియే యుండును నాయనా! అది లేచి వచ్చి మనలను నిద్ర లేపునా?" అనెను.

ఆ వృద్ధుని మాటలో ఈ విషయము యొక్క రహస్య మంతయు ఇమిడి యున్నది. పూర్వము మన దేశమున కాలమును కొలుచుటకు గడియ గిన్నెను వాడెడివారు. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై తేలవిడుతురు. నీరు మెల్లమెల్లగా లోనికి చేరి, 24 నిమిషములకు గిన్నె మునుగును. అదియే ఒక గడియ. పగలును రేయియు కలిసి 60 గడియలు. గిన్నె మునుగగానే కావలివాడు గంట కొట్టి, దానిని మఱల తేలవిడుచును. ఇందు కాలమును కొలుచునది గిన్నె. ఏ గడియకు ఏమి జరుగవలెనో తెలుపునది పంచాంగము. జనుల చెవిని వేయువాడు కావలివాడు. అతడు నిద్రించినచో గిన్నె మునిగినను, పంచాంగము చెంతనే యున్నను ఫలము లేదు.

కంప్యూటరు నందును ఈ మూడు పనులు వేఱువేఱుగా నున్నవి. అందలి గడియారములో ఒక క్వార్ట్జ్ స్ఫటికము సెకనునకు 32,768 సార్లు కంపించును. ఆ సంఖ్యను 15 సార్లు సగము చేసినచో ఒకటి మిగులును. ఆ ఒకటియే ఒక సెకను. కంప్యూటరును ఆపివేసినను, నాణెమువంటి చిన్న బ్యాటరీ బలముతో ఈ గడియారము నడచుచునే యుండును. ఇది గిన్నె వంటిది.

మనము వ్రాసికొన్న పనుల పట్టిక పంచాంగము వంటిది. ఒక క్యాలెండరులోని సంగతి వేఱొక క్యాలెండరునకు అర్థమగుటకై 1998లో ఐక్యాలెండర్ అను నియమావళి వెలువడెను. 2009లో అది సవరింపబడెను. పని యెప్పుడు, ఎచట, ఎన్ని నిమిషములు ముందు గుర్తుచేయవలెను అను వివరములను వ్రాయు పద్ధతి అందు కలదు. ఐనను పట్టిక తనంతట తాను పలుకదు.

గడియారమును, పట్టికను క్షణక్షణము సరిపోల్చి చూచునది నడచుచున్న ప్రోగ్రాము. అదియే కావలివాడు. మనుమడు ప్రోగ్రామును మూయగానే కావలివాడు ఇంటికి పోయెను. గిన్నె మునిగినది, పంచాంగ మున్నది, గంట కొట్టువాడు మాత్రము లేడు. పాత ఔట్‌లుక్ వంటి ప్రోగ్రాములు తాము తెఱచి యున్నప్పుడే గుర్తుచేయుటకు కారణ మిదియే.

దీనికి ఉపాయములు మూడు కలవు. మొదటిది, ప్రోగ్రామును మూయక, తెరపై కనబడకుండ చిన్నది చేసి యుంచుట. అది కనబడకున్నను పని చేయుచుండును. కంప్యూటరును ఆపినచో ఈ ఉపాయము చెల్లదు.

రెండవది, కావలి పనిని ఫోనునకు అప్పగించుట. ఫోనులోని క్యాలెండరు తాను మేలుకొని యుండనక్కఱలేదు. ఫలానా వేళకు తన్ను లేపుమని అది ఫోనును నడపు మూలవ్యవస్థకు చెప్పి నిద్రించును. వేళ కాగానే గడియారము ఫోనును మేల్కొల్పును. కాని ఫోనులో బ్యాటరీ అడుగంటినచో ఇదియు మూగవోవును.

మూడవది, దూరపు కావలి. 2006లో వెలువడిన గూగుల్ క్యాలెండరు వంటివాటిలో పట్టిక మన ఇంట గాక దూరమున నున్న సర్వరులలో నుండును. అవి రేయింబవళ్లు మేలుకొని యుండి, వేళకు మనకు ఈమెయిలు పంపగలవు. క్యాలెండరును తెఱవకున్నను ఫోనునకు సూచనను చేరవేయు మార్గమును ఆపిల్ సంస్థ 2009లోను, గూగుల్ సంస్థ 2010లోను ఏర్పఱచినవి. ఐనను నల్లమల లోయలలో సిగ్నలు అందని తావున నున్నవానికి ఈ కబురు వెంటనే అందదు. కావున ముఖ్యమైన పనికి ఒక్క కావలివాని నమ్మక, ఇద్దరిని నియమించుట వివేకము.

మనుమడు చేసిన పొరపాటు ఇంకొకటి కలదు. ఆళ్లగడ్డ నుండి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. 15 నిమిషములు ముందుగా గంట మ్రోగినను అతడు 4 గంటలకు అచటికి చేరగలుగునా? గుర్తుచేయవలసినది పని వేళకు కాదు, బయలుదేరవలసిన వేళకు.

ఆ తరువాత వారికి వచ్చిన విగ్రహపు పనికి మనుమడు ఫోనులో రెండు సూచనలు ఏర్పఱచెను. ఒకటి ముందునాటి సాయంత్రమునకు, రెండవది ప్రయాణమునకు రెండు గంటల ముందునకు. దానితో తృప్తి చెందక, పనిపాక గోడపై బొగ్గుతో తేదీని పెద్ద అక్షరములతో వ్రాసెను. అది చూచి వృద్ధుడు, "ఈ గోడ కూడ గంట కొట్టదు నాయనా!" అనెను.

"కొట్టదు తాతా! కాని దాని యెదుట దినమంతయు కూర్చుండు కావలివాడవు నీవున్నావు గదా!" అని మనుమడు నవ్వెను.