ఆ బల్ల చుట్టూ ఎనిమిది డాక్టరేట్లు!

పెద్ద చదువు, మంచి హోదా ఉన్నవాళ్లు తప్పు చేయరనుకుంటున్నారా? అయితే బెర్లిన్ శివార్లలో వాన్‌సే సరస్సు ఒడ్డున ఉన్న ఓ బంగ్లా గురించి తెలుసుకోవాల్సిందే. 1942 జనవరి 20న అక్కడ ఓ మీటింగ్ జరిగింది. వచ్చింది 15 మంది. పట్టింది గంటన్నర. యూరప్‌లోని యూదులను చంపాలా వద్దా అన్నది అక్కడ చర్చే కాదు. హత్యలు అప్పటికే మొదలయ్యాయి. ఈ పనిలో ఏ శాఖ ఏం చేయాలన్నదే ఎజెండా.

ఎవరు వాళ్లు?
న్యాయ, హోం, విదేశాంగ శాఖల ఉన్నతాధికారులు, నాజీ పార్టీ, ఎస్‌ఎస్ ప్రతినిధులు. 15 మందిలో 8 మందికి డాక్టరేట్లున్నాయి. మీటింగ్ నడిపిన హైడ్రిక్‌కు 37 ఏళ్లు, మినిట్స్ సిద్ధం చేసిన ఐక్‌మన్‌కు 35.

చంపడాన్ని ‘తరలింపు’ అన్నారు
ఆ మినిట్స్ 15 పేజీలు. తీసిన 30 కాపీల్లో పదహారోది ఒక్కటే 1947లో దొరికింది. అందులో దేశాలవారీగా యూదుల లెక్క ఉంది. మొత్తం కోటీ పది లక్షలకు పైనే. ‘చంపడం’ అని నేరుగా రాయకుండా ‘తరలింపు’ అన్నారు. చూడ్డానికి మామూలు ఆఫీసు ఫైలే!

మ్యూజియంగా మారడానికి 50 ఏళ్లు
యుద్ధం తర్వాత ఈ బంగ్లా చాలాకాలం స్కూలు పిల్లల హాస్టల్‌గా ఉంది. ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడ్డ చరిత్రకారుడు జోసెఫ్ వుల్ఫ్ ఇక్కడ పరిశోధన కేంద్రం పెట్టాలని 1960లలో పోరాడారు. ఒప్పుకోలేదు. ఆయన 1974లో చనిపోయారు. మ్యూజియం తెరిచింది 1992లో, ఆ మీటింగ్‌కు సరిగ్గా 50 ఏళ్లకు. ఇప్పుడు అక్కడి లైబ్రరీకి ఆయన పేరే పెట్టారు.

మనకేంటి?
నర్సులు, ప్రభుత్వ ఉద్యోగులు వంటివారికి ఇక్కడ ప్రత్యేక సెమినార్లు పెడతారు. నాజీల కాలంలో తమ వృత్తిలోనివాళ్లు ఏం చేశారో చూపిస్తారు. రేపు మీ టేబుల్ మీదకీ ఫైళ్లొస్తాయి. ‘పైనుంచి చెప్పారు, చేశాను’ అంటే సరిపోతుందా? సివిల్స్ మెయిన్స్‌లో 250 మార్కుల ఎథిక్స్ పేపర్ అడిగేదీ ఇలాంటి ప్రశ్నలే. సంతకం పెట్టేముందు ఆ కాగితం ఎవరి బతుకును తాకుతుందో అడగడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి.

వెళ్లాలంటే: చదువుకోసం జర్మనీ వెళ్లేవారు ఓ పూట కేటాయించుకోండి. ప్రవేశం ఉచితం. వాన్‌సే స్టేషన్ దాకా రైలు, అక్కడి నుంచి 114 నంబరు బస్సు.