తిరగబడే స్టీరింగ్

నూజివీడు దాటి ఆరేడు కిలోమీటర్లు పోతే మా బావ మామిడి తోట. మే నెలలో ఆ పాకలో కాలు మోపే చోటుండదు. ఒక వార రసాలు, ఒక వార బంగినపల్లి, నడుమ కలెక్టరు కాయల ట్రేలు, గోడకు ఆనించిన చిక్కాలు. మూలన కాటా పక్కన పాత టేకు బల్ల. ఆ బల్లకు మరలతో బిగించి ఒక నల్లటి స్టీరింగు ఉంది. దానికి కారు లేదు.

"పట్టుకో మావయ్యా," అన్నాడు మా అక్క కొడుకు.

పట్టుకున్నాను. తెరమీద కారు మలుపులోకి దిగింది. నేను ఎడమకు తిప్పుతుంటే అది కుడికి గుంజుతోంది, మొండి దూడ పలుపు గుంజినట్టు. బిగబట్టి ఇంకాస్త తిప్పాను. ఉన్నట్టుండి చేతిలో బరువు తేలిపోయింది. "ఇదేంట్రా, వదిలేసింది?" అనేలోపు కారు వెళ్లి గోడకు రాసుకుంది.

"వదిలెయ్యలేదు. టైరు జారబోతోందని చెప్పింది. నువ్వు వినలేదు."

అరవయ్యేళ్లకు దగ్గరపడుతున్నవాణ్ని, ముప్పయ్యేళ్లుగా కారు నడుపుతున్నవాణ్ని. స్టీరింగు మాట్లాడుతుందని ఇరవై రెండేళ్ల కుర్రాడు చెప్పాల్సి వచ్చింది. ఆ రాత్రి నుంచి ఈ యంత్రం పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతూ కూర్చున్నాను.

దీని తాత హార్మోనియానికి చుట్టం. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో లింక్ కుటుంబానికి పియానోలు, ఆర్గన్లు చేసే కర్మాగారం ఉండేది. ఆ ఇంటి కుర్రాడు ఎడ్విన్ లింక్‌కు విమానాల పిచ్చి. ఎగరడం నేర్చుకోవాలంటే చేతి చమురు బాగా వదిలేది. నేలమీదే నేర్చుకునే వీలుంటే బాగుండునని నాన్నగారి కర్మాగారంలోని తిత్తులు, గాలి పంపులు పోగేసి, 1929 నాటికి ఒక పొట్టి విమానం కట్టాడు. మన హార్మోనియంలో తిత్తి ఊదితే స్వరం పలుకుతుంది. ఇతని తిత్తి ఉబ్బితే విమానం ఒరిగేది, తగ్గితే వాలేది. సైన్యం మొదట దాన్ని పట్టించుకోలేదు. కొన్నది ఎవరయ్యా అంటే వినోదశాలల వాళ్లు, తిరనాళ్లలో రంగులరాట్నం పక్కన పెట్టే బొమ్మలాగా.

1934లో అమెరికా సైన్యానికి విమానాల్లో టపా మోసే పని అప్పగించారు. చలికాలం, పొగమంచు. బయట ఏమీ కనిపించనప్పుడు ముందున్న ముళ్లు, మీటర్లు చూసి నడపడం చాలామంది పైలట్లకు అలవాటు లేదు. కొద్ది వారాల్లోనే డజను మంది చనిపోయారు. అప్పుడు గుర్తొచ్చింది బొమ్మ విమానం. ఒక్కోటి 3,500 డాలర్ల చొప్పున ఆరు కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అలాంటివి పదివేలకు పైగా తయారయ్యాయి, సుమారు 5 లక్షల మంది వాటిలో శిక్షణ పొందారు. ఆటవస్తువుగా అమ్ముడుపోయి తర్వాత పంతులుగారు కావడం ఈ వంశానికి అప్పటినుంచీ ఉన్న అలవాటు.

ఆ విద్య కార్లకు దిగింది అదే రాష్ట్రంలోని బఫెలోలో. అక్కడి కార్నెల్ ఏరోనాటికల్ లాబొరేటరీలో విలియం మిల్లికెన్ బృందం 1950ల్లో విమానం గాలిలో నిలకడగా ఉండే లెక్కలను తీసుకెళ్లి కారుకు కట్టింది. గాలి బదులు రోడ్డు, రెక్కల బదులు టైర్లు. ఆయన కొడుకు డగ్ మిల్లికెన్ కూడా అదే దారి పట్టాడు. 1989లో అటారీ సంస్థ 'హార్డ్ డ్రైవిన్' అనే ఆట యంత్రం తెచ్చినప్పుడు దాని వెనకున్న కారు లెక్కల్లో ఆయన చెయ్యి ఉంది. ఆటలో పేర్లు వేసేచోట ఆయన్ని 'టెస్ట్ డ్రైవర్' అన్నారు. నాణెం వేసి ఆడే ఆ పెట్టెకు తాళంచెవి, క్లచ్, గేరు రాడ్డు ఉండేవి. అన్నిటికంటే ముఖ్యంగా స్టీరింగు వెనక ఒక మోటారు ఉండేది. కారుకు ఏమవుతోందో ఆ మోటారు చేతికి చెప్పేది. మళ్లీ బొమ్మల దుకాణంలోనే మొదలన్నమాట.

అక్కణ్నుంచి ఇళ్లలోకి రావడానికి పదేళ్లు పట్టింది. 1990ల చివరికి లాజిటెక్, మైక్రోసాఫ్ట్ బల్లకు బిగించే స్టీరింగులు అమ్మాయి. 2006లో లాజిటెక్ జీ25 రెండు మోటార్లతో, ఈ అంచు నుంచి ఆ అంచుకు రెండున్నర చుట్లు తిరిగే చక్రంతో వచ్చింది. మా వాడి బల్లమీదున్నది ఆ జాతిదే, ఎవరో వాడి అమ్మేసింది.

ఇంతకీ స్టీరింగు ఎందుకు గుంజుతుంది? సగం జవాబు ఆసుపత్రి ట్రాలీ కింద ఉంది. ఆ చిన్న చక్రం ఎటు తోసినా తిరిగి, తను వేలాడే కడ్డీ వెనకే నడుస్తుంది. కారు ముందు చక్రాన్నీ అలాగే బిగిస్తారు. స్టీరింగు కడ్డీని కిందికి సాగదీస్తే నేలను తాకే చోటు కాస్త ముందుంటుంది, టైరు నేలను పట్టుకున్న చోటు దానికి వెనక ఉంటుంది. అందుకే తిప్పి వదిలేస్తే చక్రం దానంతటదే తిన్నగా వస్తుంది.

మిగతా సగం ఇంకా ముచ్చటైనది. టైరు నేలకు ఆనేది అరచేయంత మేర. మలుపులో ఆ అరచేతి ముందు భాగానికి అప్పుడే రోడ్డు తగిలింది, రబ్బరు ఇంకా మెలిక పడలేదు. వెనక్కి పోయేకొద్దీ మెలిక పెరుగుతుంది. కాబట్టి పక్కకు నెట్టే బలమంతా మధ్యలో కాక కొంచెం వెనక పోగుపడుతుంది. ఆ వెనకబాటే చక్రాన్ని తిన్నగా చెయ్యాలని గుంజేది. ఇప్పుడు ఇంకాస్త తిప్పండి. వెనక అంచు ముందుగా జారడం మొదలెడుతుంది. తడి గట్టుమీద నడుస్తుంటే మడమ జారుతుంది, వేళ్లు ఇంకా పట్టుకునే ఉంటాయి చూడండి, అలా. బలం పోగైన చోటు ముందుకు జరుగుతుంది, గుంజుడు తగ్గుతుంది. టైరు పట్టు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. అంటే స్టీరింగు తేలికపడిన క్షణానికీ కారు జారిపోయే క్షణానికీ నడుమ కాస్త వ్యవధి ఉంది. ఆ వ్యవధిని చేత్తో వినగలిగినవాడే రేసరు. కన్ను ఆ కబురు ఆలస్యంగా చెబుతుంది.

కంప్యూటరు చేసే పని ఆ అరచేయంత రబ్బరు లెక్కే. ఐరేసింగ్ అనే సాఫ్ట్‌వేర్ సెకనుకు 360 సార్లు ఆ లెక్క కట్టి, ఫలితాన్ని మోటారుకు పంపుతుంది. ఆ బలం ఎంత? 200 గ్రాముల మామిడికాయను మీటరు పొడవు కర్ర చివర కట్టి, రెండో చివర పట్టుకుని అడ్డంగా నిలబెట్టండి. మణికట్టుకు తగిలే మెలికే దాదాపు రెండు న్యూటన్ మీటర్లు. మా వాడి స్టీరింగు సత్తువ ఇంచుమించు అంతే. ఖరీదైన రకాల్లో పళ్లచక్రాలు, బెల్టు ఉండవు, మోటారు ఇరుసుకే చక్రం తగిలిస్తారు. వాటిలో కొన్ని 11 న్యూటన్ మీటర్ల బలంతో గుంజుతాయి. కర్రకు అయిదారు కాయలు కట్టినట్టు. ఒక గంట రేసు తర్వాత భుజాలు దిగలాగుతాయట.

మా వాడు నడిపేది స్టాక్ కార్లు. స్టాక్ కారంటే దుకాణంలో అమ్మకానికి నిలవున్న కారు. అమెరికా దక్షిణాది కొండల్లో నాటుసారా కాచి, మామూలు కార్ల ఇంజన్లకు పదును పెట్టి, రాత్రుళ్లు పోలీసుల కన్నుగప్పి పట్నాలకు చేరవేసేవాళ్లు. ఎవడి బండి జోరైందో తేల్చుకోవాలని ఆదివారాలు పందాలు కట్టుకున్నారు. బిల్ ఫ్రాన్స్ ఆ పందాలను ఒక తాటిమీదకు తెచ్చి 1948 ఫిబ్రవరిలో నాస్కార్ స్థాపించాడు. ఇవాళ్టి కార్లకు దుకాణం కారుతో పోలిక పైరూపంలోనే. గుండ్రంగా తిరగడంలో ఏముందిరా, గానుగెద్దు తిరగడం లేదా అని నేనూ వెక్కిరించినవాణ్నే. డేటోనా ట్రాకులో చుట్టు 4 కిలోమీటర్లు, మలుపుల్లో వాలు 31 డిగ్రీలు. నలభై కార్లు ముక్కుకు తోక తగిలేంత దగ్గరగా పోతాయి. ముందు కారు గాలిని చీల్చితే వెనక కారుకు దారి సులువవుతుంది. ఆ కిటుకు 1960లో వాడి అక్కడి డేటోనా 500 పందెం గెలిచింది జూనియర్ జాన్సన్, నాన్నగారి సారా కారులో చేయి తిరిగినవాడు.

ఈ లెక్కల కారు, ఆ సారా కారు కలిసింది మసాచుసెట్స్‌లో. డేవిడ్ కేమర్, ఒమర్ ఖుదారి 1987లో పెట్టిన పపైరస్ సంస్థ 1994లో 'నాస్కార్ రేసింగ్' తెచ్చింది. ఫోను లైనుకు మోడెం తగిలించి, ముఖం తెలియనివాళ్లతో పందెం వేయడం ఆ దశాబ్దంలోనే మొదలైంది. అలా ఆడినవాళ్లలో డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ ఒకడు, తర్వాత నాస్కార్‌లో అందరికన్నా అభిమానులున్న డ్రైవరు. కేమర్ 2004లో జాన్ హెన్రీతో కలిసి ఐరేసింగ్ మొదలుపెట్టాడు, 2008లో జనానికి తెరిచారు. వాళ్లు ట్రాకులను లేజరుతో కొలిచి, గతుకు గతుకునూ కంప్యూటరుకు ఎక్కిస్తారు. మా తోట దారిని ఇలా కొలిస్తే వాళ్ల యంత్రాల్లో చోటు చాలదేమో.

2020 మార్చిలో కరోనాకు అసలు పందాలు ఆగిపోయాయి. మార్చి 22న చాలామంది నాస్కార్ డ్రైవర్లు ఇళ్లలో ఇలాంటి స్టీరింగుల ముందు కూర్చుని పందెం వేశారు. టీవీలో 9 లక్షల మంది చూశారు. డెన్నీ హామ్లిన్ చివరి చుట్టులో ఎర్న్‌హార్ట్ జూనియర్‌ను దాటాడు. ఆ కంప్యూటరు పందాల పరంపరలోనే ఒక డ్రైవరు చిరాకుపడి మధ్యలో ఆట కట్టేసి పోతే, స్పాన్సరు నిజంగానే సంబంధం తెంచుకున్నాడు. కారు బొమ్మదే, పోయిన డబ్బు మాత్రం అసలుది. మరో కుర్రాడు విలియం బైరన్, చిన్నతనంలో ఈ కంప్యూటరు మీదే నేర్చుకుని తర్వాత అసలు కారెక్కి, 2024, 2025ల్లో వరసగా రెండుసార్లు డేటోనా 500 గెలిచాడు.

మన వైపుకూ ఈ గాలి వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పందెం జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అప్పటిదాకా ఆ 2.8 కిలోమీటర్ల దారిలో ఆ కార్లు ఎన్నడూ పరుగెత్తలేదు. ఇలాంటి కొత్త వీధులను డ్రైవర్లు ముందు సిమ్యులేటర్లలోనే ఒంటబట్టించుకుంటారు.

నూజివీడు పాకలో కూర్చుని అమెరికా వాళ్లతో పోటీ పడటానికి అడ్డేమిటంటే, వెలుతురు వేగం. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సింగపూర్ మనకు 3,000 కిలోమీటర్లు. పోయి రావడానికి కనీసం 30 మిల్లీ సెకన్లు. అమెరికా తూర్పు తీరమైతే ఆచరణలో 200 దాటుతుంది. గంటకు 300 కిలోమీటర్లంటే ఆ వ్యవధిలో కారు పదహారు మీటర్లకు పైనే పోతుంది, మూడు కార్ల పొడవు. అవతలి కారు ఇప్పుడెక్కడుందో మా వాడి కంప్యూటరుకు తెలియదు. ఇందాక ఎక్కడుంది, ఎంత జోరుగా ఉంది అన్నదాన్ని బట్టి ఊహించి గీస్తుంది. ఊహ తప్పితే తగలని కారు తగిలినట్టవుతుంది. తగవులన్నీ అక్కడే పుడతాయి.

తగవులు తీర్చడమే మా వాడి అసలు పని. పద్నాలుగు మంది లీగుకు వాడు పెద్ద. హైదరాబాద్, బెంగళూరు కుర్రాళ్లు, డల్లాస్‌లో ఒకడు, నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న షార్లెట్‌లో ఒకడు. ఆదివారం రాత్రి మనకు పదయితే వేసవిలో షార్లెట్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర. అందరికీ కుదిరే గంట అదొక్కటే. నిబంధనల కాగితం చూపించాడు. ఢీకొన్న ఇద్దరిలో ఎవరికీ తీర్పు చెప్పే అధికారం లేదు. ఫిర్యాదు రేసయిన గంట తర్వాతే పంపాలి, కోపం చల్లారాక. రీప్లే ముగ్గురు చూడాలి. కొత్తవాళ్లు ఒక విభాగం, ఆరితేరినవాళ్లు ఒక విభాగం.

"ఇది మన బండలాగుడే కదరా," అన్నాను. సంక్రాంతికి గుడివాడలో ఎడ్ల జతలను పళ్లు చూసి విడదీస్తారు. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన సీనియర్లు. గడియారం ఒకడి చేతిలో, టేపు ఇంకొకడి చేతిలో, మైకు మూడోవాడికి. అడుగు తేడా వస్తే కమిటీ మాటే మాట. ఎద్దులున్న ప్రతి ఊరూ పందెం పెట్టలేదు, కమిటీ కుదిరిన ఊరే పెట్టింది. మా వాడు ఒప్పుకోలేదు గానీ కాదనలేదు కూడా.

ఇంతలో గాలిదుమారం లేచింది. మా వైపు ముందు రాలేది కాయ, తర్వాత పోయేది కరెంటు. లైటు ఆరింది. స్టీరింగు చేతిలో మెత్తబడిపోయింది, గుంజడం లేదు, వణకడం లేదు, ఉత్త ప్లాస్టిక్ చక్రం. బావ టార్చి పట్టుకుని రాలిన కాయ ఏరించడానికి తోటలోకి పరుగెత్తాడు. వెనకాలే మా వాడూ.

టార్చి వెలుగు గోడమీద పడినప్పుడు కనిపించింది, నున్న మామిడి మార్కెట్ లారీ కిరాయి లెక్కల పక్కన వాడు రాసుకున్న పట్టిక. మే, జూన్: రేసులు లేవు, కోతలు. జులై మొదటి ఆదివారం, రాత్రి 10 గంటలు: డేటోనా.