డిటెక్టివ్‌ల ఆఫీసునే ఊడదీసుకుపోయారు: 'మూన్‌లైటింగ్' చివరి ఎపిసోడ్

ఈరోజు ఒక పాత సీరియల్ చివరి ఎపిసోడ్ గురించి మాట్లాడుకుందాం. ఇద్దరు డిటెక్టివ్‌లు పెళ్లి భోజనం చేసి ఆఫీసుకొస్తారు. వచ్చి చూస్తే బల్లలూ కుర్చీలూ ఎవరో మోసుకుపోతున్నారు, గోడలు ఊడదీస్తున్నారు. దొంగలు కాదండీ, షూటింగ్ వాళ్లు! సీరియల్ ఆపేశారని ఆ పాత్రలకే చెప్తారు.

ఆ సీరియల్ 'మూన్‌లైటింగ్'. అమెరికాలో ఏబీసీ ఛానల్‌లో 1985 మార్చి నుంచి 1989 మే 14 దాకా నడిచింది. మొదలుపెట్టింది గ్లెన్ గోర్డన్ కారన్. మ్యాడీ హేస్ అనే మాజీ మోడల్‌గా సిబిల్ షెపర్డ్ చేసింది. లెక్కలు చూసేవాడు ఆమె డబ్బంతా దోచేస్తే, మిగిలిన కాస్త ఆస్తిలో నష్టాల డిటెక్టివ్ ఏజెన్సీ ఒకటి. దాన్ని నడిపే వాగుడుకాయ డేవిడ్ అడిసన్ మన బ్రూస్ విల్లిస్. అవును, 'డై హార్డ్' బ్రూస్ విల్లిసే. 1986లో జంధ్యాల గారి 'చంటబ్బాయ్' వచ్చింది కదా, చిరంజీవి డిటెక్టివ్‌గా చేసింది. దాదాపు ఆ టైపే అనుకోండి. కేసు తక్కువ, కబుర్లెక్కువ.

ఇప్పుడు అసలు విషయం. పాత్రలే "మేము సీరియల్‌లో ఉన్నాం" అనడం వింతగా ఉందా? మన చోడవరం, వడ్డాది వైపు పెద్దవాళ్లని బుర్రకథ గురించి అడగండి. మధ్యలో కథకుడు తంబురా పట్టుకుని మంచి ఊపులో కథ చెప్తుంటాడు. పక్కన హాస్యం చెప్పే వంత ఉంటాడు కదా, ఠక్కున కథ ఆపి, ఎదురుగా కూర్చున్న జనం మీదే ఓ జోకు వేస్తాడు. కథలోంచి బయటికొస్తాడు, మళ్లీ దూరిపోతాడు. ఎవరూ కంగారు పడరు. 'మూన్‌లైటింగ్' టీవీలో చేసింది అదే.

1985 క్రిస్మస్ ఎపిసోడ్ చివర్లో నటులు సెట్ దాటి బయటికొస్తే, అక్కడ షూటింగ్ యూనిట్ వాళ్లంతా కుటుంబాలతో కలిసి పాట పాడతారు. 1987 జనవరిలో ఇంకా తమాషా. కొత్త ఎపిసోడ్‌లు టైముకి తయారవ్వట్లేదు, జనం విసుక్కుంటున్నారు. అప్పుడేం చేశారంటే, రోనా బ్యారెట్ అనే నిజమైన సినిమా కబుర్ల జర్నలిస్టుని ఏజెన్సీకి పంపి, "కొత్త ఎపిసోడ్ ఏది? మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదా?" అని ఆరా తీయించారు. పాత సీన్లు కలిపి గంట నింపేశారు. లోటునే కథ చేశారన్నమాట. తెలివే!

కానీ చివరి ఎపిసోడ్ దగ్గరకొచ్చేసరికి నవ్వు కొంచెం గొంతులో ఆగుతుంది. డేవిడ్, మ్యాడీ నిర్మాత దగ్గరికి పరిగెత్తి బతిమాలుకుంటారు. ఆయన చెప్పేదాని సారాంశం: ప్రేమ సున్నితమైన వస్తువు, జనం చూడటం మానేస్తే నేనేం చేయలేను. అంటే తప్పు మీ ఇద్దరి ప్రేమకథదే అని.

1987 మార్చిలో జంట కలిశాక సీరియల్ పడిపోయిందని ఇప్పటికీ చాలామంది అంటారు. తర్వాతి రచయితలు కూడా "హీరో హీరోయిన్లని కలిపితే పని అయిపోతుంది" అని భయపడ్డారు. నాకైతే ఈ తీర్పు అన్యాయం అనిపిస్తుంది. అప్పుడేం జరిగిందో చూడండి. సిబిల్‌కి కవల పిల్లలు పుట్టారు, విల్లిస్ స్కీయింగ్‌లో కాలర్‌బోన్ విరగ్గొట్టుకున్నాడు. దాంతో జంట ఒకే సీన్‌లో కనిపించడమే తగ్గింది. కారన్ బయటికెళ్లిపోయాడు. 1988లో రచయితల సమ్మె అయిదు నెలలు నడిచింది. అదే ఏడాది 'డై హార్డ్'తో విల్లిస్ సినిమా స్టార్ అయ్యాడు. ఇద్దరి గొడవ కోసం చూసే సీరియల్‌లో ఇద్దరూ ఎదురుపడకపోతే ఎవరు చూస్తారు చెప్పండి? ప్రేమ చంపలేదు, గైర్హాజరు చంపింది. అయినా ఆ మాట సీరియల్ తన నోటితో తానే చెప్పుకోవడంతో అదే అందరికీ నిజమైపోయింది.

చివర్లో పాత సీన్లన్నీ గబగబా తిరుగుతాయి. తర్వాత తెరమీద అక్షరాలు: ఏజెన్సీ మూతపడిందని, తేదీ మే 14, అంటే సరిగ్గా ఆ ఎపిసోడ్ వచ్చిన రోజే. ఇంకో లైన్ కూడా ఉంది. అన్సెల్మో కేసు అని మొదట్నుంచీ మాటల్లో వినిపించేదే గానీ, అదేంటో ఎప్పుడూ చూపించలేదు. ఆ కేసు ఎప్పటికీ తేలలేదట.