సెలవులకు ఊరెళ్తున్నారా? కారు సంగతి చూసి వెళ్లండి



పరీక్షలు అయిపోయాయి. మీరు పిల్లలతో అమ్మమ్మగారి ఊరికి రైలెక్కుతారు. కారు మాత్రం నెలన్నర సెల్లార్‌లోనే ఉంటుంది. బడి తెరిచే రోజు ఉదయం తాళం తిప్పితే టిక్ టిక్‌మని ఊరుకుంటుంది.

కారు ఆగి ఉన్నా అలారం, గడియారం లాంటివి బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. అందుకే వెళ్లేముందు మెకానిక్‌ని అడిగి నెగెటివ్ టెర్మినల్ తీయించండి. పక్కింటివారికి తాళం ఇచ్చి "వారానికోసారి స్టార్ట్ చేయండి" అంటుంటాం. ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపేస్తే పెద్ద లాభం లేదు. అరగంట నడిపేవారుంటేనే ఇవ్వండి.

హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే బ్రేకులు పట్టేయవచ్చు. చదునైన చోట గేర్‌లో ఉంచి, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. టైర్లలో గాలి చూడండి. సీటు సందుల్లో బిస్కెట్ ముక్కలు ఏరేయండి (బడి పిల్లలున్న కారు కదా!). వాటికోసం వచ్చిన ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం తలుపులు. దాగుడుమూతల్లో పిల్లలు తాళం వేయని కారులో దూరతారు. చైల్డ్ లాక్ ఉంటే వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. ఎండలో ఆగిన కారులో పది నిమిషాలకే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. ఇరుక్కుంటే ముందు సీట్లోకి వచ్చి తలుపు తీయాలని, హారన్ నొక్కాలని మీ పిల్లలకు నేర్పండి. బ్యాటరీ తీసిన కారులో ఆ హారన్ కూడా మోగదు. కాబట్టి డిక్కీతో సహా అన్నీ తాళం పడ్డాయో లేదో చేత్తో లాగి చూశాకే బయల్దేరండి.