జపాన్ వాళ్లు ఫోన్ మారుస్తారు, అలవాటు మార్చరు

ముందుగా నా తప్పు ఒకటి చెప్పాలి. మా బావగారు ఆఫీసు పని మీద రెండేళ్ల కోసం టోక్యో వెళ్తూ, "మంచి ఫోన్ ఒకటి చెప్పవయ్యా" అని అడిగారు. నేను ఎప్పట్లాగే ప్రాసెసర్ చూశాను, కెమెరా చూశాను, ఛార్జింగ్ స్పీడ్ చూశాను. ఎన్‌ఎఫ్‌సీ ఉందో లేదో కూడా చూశాను. ఉంది. ఇక్కడే ఒక మంచి ఆండ్రాయిడ్ ఫోన్ కొనిపించి పంపించాను.

వెళ్లిన వారానికి ఆయన నుంచి కాల్. "ఏమయ్యా, ఇంత డబ్బు పోయించావు, ఇది రైల్వే స్టేషన్ గేటు దగ్గర పనికిరాదంట! నా పక్క సీటాయన నాలుగేళ్ల నాటి ఐఫోన్ ఆనించి వెళ్లిపోతున్నాడు. నేను కార్డు కోసం పర్సు వెతుక్కుంటున్నా."

ఫోన్‌లో లోపం లేదు. నేను చూసిన లిస్టులోనే లోపం ఉంది. అప్పటి నుంచి జపాన్ జనం గాడ్జెట్లను ఎలా చూస్తారో కాస్త శ్రద్ధగా చదువుతున్నాను. రోబోలు, బుల్లెట్ ట్రైన్లు ఉన్న దేశంలో ఫ్యాక్స్ మెషీన్లు, మడత ఫోన్లు ఇంతకాలం ఎలా బతికాయన్నది చాలామందికి ఉన్న సందేహమే. నాకు అర్థమైనంతలో, అక్కడి సగటు కొనుగోలుదారు వస్తువు కొత్తదా పాతదా అని పెద్దగా పట్టించుకోడు. రోజూ చేసే పనిలో అది తడబడకుండా ఇముడుతుందా లేదా అని చూస్తాడు. ఇమిడితే ఎంత కొత్తదైనా తీసుకుంటాడు. ఇమడకపోతే పాతదాన్ని వదలడు. దేశమంతా అచ్చం ఒకేలా ఉంటుందని కాదు గానీ, అక్కడి మార్కెట్ చరిత్ర చూస్తే ఈ లెక్క పదే పదే కనిపిస్తుంది.

గేటు దగ్గర 0.2 సెకన్లు

మా బావగారిని ఆపిన గేటుతోనే మొదలుపెడదాం. టోక్యో చుట్టుపక్కల రైళ్లు నడిపే జేఆర్ ఈస్ట్ 2001 నవంబర్‌లో సుయికా కార్డు తెచ్చింది. అందులో ఉన్నది సోనీ తయారుచేసిన ఫెలికా చిప్. షింజుకు లాంటి స్టేషన్‌లో రోజుకు ముప్ఫై లక్షల మందికి పైగా తిరుగుతారు. ఒక్కో గేటు నుంచి నిమిషానికి 60 మంది నడుస్తూనే దాటాలి. అందుకే కార్డు ఆనించాక లెక్కంతా 0.2 సెకన్లలో ముగియాలని నియమం పెట్టుకున్నారు. బ్యాలెన్స్ కార్డులోనే ఉంటుంది కాబట్టి, గేటు ప్రతిసారీ దూరాన ఉన్న సర్వర్‌ని అడిగి జవాబు కోసం ఆగాల్సిన పనిలేదు.

ఇదే చిప్‌ని 2004లో ఎన్‌టీటీ డొకొమో ఫోన్లలో పెట్టింది. దాని పేరు 'ఒసైఫు కేతాయ్', అంటే పర్సు ఫోన్. 2006 జనవరి నాటికి ఫోన్‌తోనే రైలెక్కే మొబైల్ సుయికా వచ్చేసింది. మన యూపీఐ మొదలైంది 2016లో అని గుర్తు తెచ్చుకుంటే, వాళ్లు ఎంత ముందున్నారో తెలుస్తుంది. యాప్ తెరవక్కర్లేదు, స్క్రీన్ అన్‌లాక్ చేయక్కర్లేదు. ఆనించడం, నడవడం. అంతే.

మామూలు ఎన్‌ఎఫ్‌సీ ఉన్నంత మాత్రాన ఈ పర్సు సౌకర్యం రాదు. ఆండ్రాయిడ్‌లో సాధారణంగా జపాన్ మార్కెట్ కోసం చేసిన ఫోన్లలోనే ఇది ఉంటుంది. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

అందరికంటే ముందు వెళ్లి, ఒంటరిగా మిగిలి

డొకొమో 1999 ఫిబ్రవరిలో ఐ-మోడ్ మొదలుపెట్టింది. మన దగ్గర సెల్‌ఫోన్ ఇంకా గొప్పింటి వస్తువుగా ఉన్న రోజుల్లో వాళ్లు ఫోన్‌లో మెయిల్, వార్తలు, బ్యాంకు పనులు చూసుకుంటున్నారు. ఆ సర్వీసు కోసం షిగెతాకా కురితా గీసిన 176 చిన్న బొమ్మలు మనం ఇప్పుడు వాట్సాప్‌లో పంపుకునే ఇమోజీలకు పూర్వీకులు. 2000లో షార్ప్ తయారుచేసిన కెమెరా ఫోన్‌ని జే-ఫోన్ అమ్మింది. తీసిన ఫొటోని అక్కడికక్కడే మెయిల్‌లో పంపడం అలవాటైంది. 2006 ఏప్రిల్ నుంచి 'వన్‌సెగ్' పేరుతో ఫోన్‌లోనే టీవీ వచ్చేది.

ఇవన్నీ మంచి ఫోన్లే. అయితే అవి జపాన్ నెట్‌వర్క్‌కి, అక్కడి అలవాట్లకి కొలిచి కుట్టిన చొక్కాల్లాంటివి. బయటి దేశాల్లో ఎవరికీ పట్టలేదు. గాలపాగోస్ దీవుల్లో జంతువులు మిగతా ప్రపంచంతో సంబంధం లేకుండా ఎదిగినట్టే ఈ ఫోన్లూ ఎదిగాయని జపాన్ వాళ్లే వాటికి 'గారాకే' అని పేరు పెట్టారు. గాలపాగోస్ కేతాయ్‌కి అది పొట్టి పేరు. కేతాయ్ అంటే మొబైల్.

ఐఫోన్ వంగింది, జనం కాదు

2008 జులైలో సాఫ్ట్‌బ్యాంక్ ద్వారా ఐఫోన్ 3జీ జపాన్‌లో అడుగుపెట్టింది. మిగతా ప్రపంచం నోరెళ్లబెట్టి చూసిన ఆ ఫోన్‌లో వాళ్లకి లోటే ముందు కనిపించింది. ఇమోజీ లేదు, టీవీ లేదు, పర్సు లేదు. ఈ వస్తువు ఇక్కడ నడవదు అన్నవాళ్లూ ఉన్నారు.

తర్వాత జరిగింది చూడండి. అదే ఏడాది నవంబర్‌లో ఆపిల్ జపాన్ ఐఫోన్లకు ఇమోజీ ఇచ్చింది. 2016లో జపాన్‌లో అమ్మిన ఐఫోన్ 7లో ఫెలికా పెట్టింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన ఐఫోన్ 8, ఐఫోన్ 10 నుంచి అయితే ఏ దేశంలో కొన్న ఐఫోన్‌లోనైనా సుయికా పనిచేస్తుంది. ఐఫోన్ 10ఎస్ నుంచి, బ్యాటరీ అయిపోయి ఫోన్ ఆగిపోయాక కూడా కొంతసేపు గేటు తెరుచుకుంటుంది. ఈరోజు జపాన్ స్మార్ట్‌ఫోన్లలో దాదాపు సగమో అంతకంటే ఎక్కువో ఐఫోన్లే ఉన్నాయంటే బ్రాండ్ మోజు ఒక్కటే కారణం అనలేం. వాళ్ల అలవాట్లకు ఎక్కువగా వంగిన విదేశీ ఫోన్ అది.

పక్కవాడికి ఇబ్బంది కాకూడదు

మనం సైలెంట్ మోడ్ అంటాం. జపాన్‌లో దాని పేరు 'మేనర్ మోడ్', అంటే మర్యాద మోడ్. రైలెక్కగానే ఫోన్ ఆ మోడ్‌లో పెట్టండి, కాల్ మాట్లాడకండి అని అనౌన్స్ చేస్తారు. అందుకే అక్కడ కాల్ కంటే మెసేజ్ పెరిగింది. 2011 మార్చి భూకంపం తర్వాత, అదే జూన్‌లో మొదలైన లైన్ యాప్ అంత వేగంగా పాకడానికి ఈ అలవాటు కూడా ఒక కారణమని నా ఉద్దేశం.

కెమెరా శబ్దం సంగతీ అంతే. జపాన్‌లో అమ్మే ఫోన్లలో ఫొటో తీస్తే టక్కుమని చప్పుడు రావాల్సిందే. ఐఫోన్ అయినా సరే. చాలామంది ఇది చట్టం అనుకుంటారు గానీ, కాదు. దొంగచాటు ఫొటోలు ఆపడానికి మొబైల్ కంపెనీలు తమకు తాముగా పెట్టుకున్న పద్ధతి. నిద్రపోతున్న పసిపిల్లను ఫొటో తీయాలన్నా ఆ చప్పుడు భరించాల్సిందే. అయినా ఏళ్ల తరబడి కొనసాగుతోంది.

స్నానాల గదిలో, వంటింట్లో

జపాన్ ఇళ్లలో రాత్రిపూట తొట్టిలో వేడినీళ్లు నింపుకుని అందులో కాసేపు కూర్చుంటారు. ఆ సమయంలో చేతిలో ఫోన్ ఉండాలి. కాబట్టి వాటర్‌ప్రూఫ్ మన దగ్గర ఖరీదైన ఫోన్ ఫీచర్‌గా పేరు తెచ్చుకోకముందే అక్కడ మామూలైపోయింది. 2015లో క్యోసెరా ఇంకో అడుగు వేసి, నురగ వచ్చే హ్యాండ్ సోప్‌తో కడుక్కోగలిగే 'డిగ్నో రఫ్రే' అనే ఫోన్ అమ్మింది. స్పెసిఫికేషన్ల పోటీలో దానికి చోటు ఉండకపోవచ్చు. చంటిపిల్లల తల్లి కష్టం మాత్రం దానికి తెలుసు.

ఈ చూపు ఫోన్లకంటే పాతది. 1955లో తోషిబా అమ్మిన ఆటోమేటిక్ రైస్ కుక్కర్‌నే తీసుకోండి. చిన్న ఫ్యాక్టరీ నడిపే యొషితాదా మినామి, ఆయన భార్య ఫుమికో ఎన్నోసార్లు అన్నం వండి చూసి దాన్ని తయారుచేశారు. ఉపాయం చాలా సులువు. బయటి గిన్నెలో కొద్దిగా నీళ్లు పోస్తారు. అవి ఆవిరైపోయేసరికి లోపల అన్నం ఉడుకుతుంది. నీళ్లు అయిపోగానే వేడి 100 డిగ్రీలు దాటుతుంది, లోహపు స్విచ్ టక్కున పడిపోతుంది. తినే అన్నం మారలేదు. తెల్లవారకముందే లేచి పొయ్యి దగ్గర కాపలా కాయడం ఒక్కటే పోయింది. టోటో 1980లో తెచ్చిన వాష్‌లెట్ టాయిలెట్ కూడా ఈ బాపతే. ఇప్పుడు అక్కడ దాదాపు 80 శాతం ఇళ్లలో ఆ రకం టాయిలెట్ సీట్లు ఉన్నాయి.

ఇదే గుణం కాళ్లకు అడ్డం పడినప్పుడు

ఇంతవరకూ చదివి జపాన్ వాళ్లు భలే అనుకుంటే అది సగం కథే. 2020లో కరోనా కేసుల వివరాలను ఆసుపత్రులు చేత్తో ఫారాలు నింపి ఆరోగ్య కేంద్రాలకు ఫ్యాక్స్ చేసేవి. లెక్క ఆలస్యం అయ్యేది, డాక్టర్లు బాహాటంగానే విసుక్కున్నారు. మరుసటి ఏడాది మంత్రి తారో కోనో ప్రభుత్వ కార్యాలయాల్లో ఫ్యాక్స్ తీసేద్దామంటే లోపలి నుంచే అభ్యంతరాలు వచ్చాయి. ఫ్లాపీ డిస్కుల్లో దరఖాస్తులు ఇవ్వాలనే పాత నిబంధనల్ని దాదాపుగా తుడిచేయడానికి 2024 పట్టింది. "పని జరుగుతోంది కదా, ఎందుకు కదిలించడం" అనే మాట మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. ఆపద వచ్చిన రోజు దాని ఖరీదు తెలుస్తుంది.

నగదు కథా అలాంటిదే. ఫోన్ పర్సు 2004లోనే ఉన్నా, 2010లో అక్కడి వినియోగ ఖర్చులో నగదు రహిత చెల్లింపులు 13 శాతమే. 2024కి 42.8 శాతానికి చేరాయి. దొంగతనాల భయం తక్కువ, ఏటీఎం ప్రతి వీధిలో ఉంటుంది, చిన్న కొట్టువాడికి కార్డు మెషీన్ ఖర్చు ఎక్కువ. ఇక మారాల్సిన అవసరం ఏముంది? 2018లో పేపే అనే క్యూఆర్ చెల్లింపు యాప్ వచ్చింది. దాని వెనుక టెక్నాలజీ సాయం చేసింది మన పేటీఎం. కొట్టువాడు ఒక కాగితం అంటించుకుంటే చాలు. ఆ డిసెంబర్‌లో వెయ్యి కోట్ల యెన్ల క్యాష్‌బ్యాక్ ప్రకటిస్తే, జనం పది రోజుల్లో ఖాళీ చేసేశారు. అడ్డం తొలగి, లాభం కంటికి కనిపిస్తే వాళ్లూ పరిగెత్తుతారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ సొంత కంపెనీలకు తగిలింది. ఇంటి మార్కెట్‌కి మాత్రమే ఫోన్లు కుట్టి కుట్టి, బయట అమ్ముకోలేక, చివరికి ఇంట్లో కూడా ఐఫోన్‌కి చోటిచ్చారు. 2023 మే ఒక్క నెలలోనే బాల్ముడా ఫోన్ల నుంచి తప్పుకుంది, క్యోసెరా సాధారణ వినియోగదారుల ఫోన్లు ఆపేస్తామంది, ఎఫ్‌సీఎన్‌టీ దివాలా రక్షణ కోరింది. పెద్దవాళ్ల కోసం పెద్ద బటన్లు, పెద్ద అక్షరాలతో వచ్చే 'రాకురాకు' ఫోన్లు ఈ ఎఫ్‌సీఎన్‌టీవే. తర్వాత లెనోవో ఆ వ్యాపారాన్ని తీసుకోవడంతో ఆ పేరు బతికింది.

మరి మడత ఫోన్ ప్రేమికుల సంగతి? డొకొమో తన 3జీని, దానితోపాటు ఐ-మోడ్‌ని 2026 మార్చి 31తో ఆపేస్తామని 2019లోనే చెప్పింది. అంటే ఆరేళ్లకు పైగా గడువు. పైగా లోపల 4జీ, ఆండ్రాయిడ్ పెట్టి, పైకి మాత్రం అవే బటన్లు, అదే మడత ఉంచిన 'గారాహో' ఫోన్లు కూడా వచ్చాయి. లోపల ఏమైనా మార్చుకోండి, నా బొటనవేలికి తెలిసిన చోట బటన్ ఉంటే చాలు అన్నట్టు.

ఫోన్ కొనేముందు మనం అడగాల్సినవి

అక్కడ ఒక్కో మొబైల్‌ని సగటున నాలుగేళ్లకు పైనే వాడతారు. అంతకాలం వాడే వస్తువుని లాంచ్ రోజు స్కోర్లతో తూచలేం. నా రివ్యూల్లో ఇకనుంచి మూడు ప్రశ్నలు కలుపుతున్నాను. రోజుకు పదిసార్లు చేసే పని దీంతో ఎన్ని సెకన్లలో అవుతుంది? బ్యాటరీ, అప్‌డేట్లు, రిపేరు కలిపి నాలుగో ఏడాది కూడా ఇది నిలబడుతుందా? వాడేవాళ్ల చేతి అలవాటుని ఇది ఎంత చెడగొడుతుంది? మూడో ప్రశ్న ముఖ్యంగా అమ్మానాన్నలకి ఫోన్ కొనేటప్పుడు అడగండి. అదే సమయంలో, "ఉన్నది చాలు" అనే మాట ఎక్కడ సుఖమో, ఎక్కడ బద్ధకమో కూడా చూసుకోవాలి.

జపాన్ వెళ్లేవాళ్లకి ఒక్క మాట. ఐఫోన్ 8 లేదా ఆ తర్వాతది అయితే వాలెట్‌లో సుయికా పెట్టుకోవచ్చు. ఇక్కడ కొన్న ఆండ్రాయిడ్ అయితే స్టేషన్‌లో ప్లాస్టిక్ కార్డే తీసుకోండి.

మా బావగారు అదే చేశారు. కార్డుని ఫోన్ వెనుక కవర్‌లో దోపి, ఫోన్‌నే గేటుకి ఆనిస్తున్నారు. మొదట్లో రెండుసార్లు మొరాయించిందట. "నువ్వు చూసి మరీ కొనిపించిన ఆ ఎన్‌ఎఫ్‌సీ ఆఫ్ చేశాకే గేటు తెరుచుకుందయ్యా" అన్నారు. ఏమనను? నిజమే మరి.