చక్రాల మీంచి మంచు మీదికి... జానెడు కూడా లేని తేడాతో గోల్డ్!

సాయంత్రమైతే ప్రగతి నగర్‌లో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి తొంగిచూసినా మోకాలి ప్యాడ్లు కట్టుకుని, స్కేట్స్ మీద తూలుతూ వెళ్లే బుడతడొకడు కనిపిస్తాడు. ‘ఇది నేర్చుకుని ఏం చేస్తాడంట?’ అనే చుట్టం కూడా పక్కనే ఉంటాడు. ఆ ప్రశ్నకి నెదర్లాండ్స్‌లో ఒకతని దగ్గర జవాబుంది. పేరు మిషెల్ ముల్డర్.

1986లో పుట్టాడు. రోనాల్డ్ అతని కవల సోదరుడు. డచ్చివాళ్లకి ఐస్ స్కేటింగ్ అంటే మనకి క్రికెట్ లెక్క. చలికి కాలువలు గట్టిగా గడ్డకడితే 11 పట్టణాలు చుడుతూ దాదాపు 200 కిలోమీటర్ల రేసు పెట్టేస్తారు. అయితే అంత మంచు పడాలి కదా! చివరిసారి ఆ రేసు జరిగింది 1997లో. ముల్డర్ మాత్రం మంచుతో సరిపెట్టుకోలేదు. ఇన్‌లైన్ స్కేట్స్ మీద, అంటే చక్రాల మీద కూడా పోటీలు పడ్డాడు. వంగిన నడుము, పక్కకి తోసే అడుగు, మలుపులో కాలు మీదుగా కాలు వేయడం... రెండిట్లోనూ టెక్నిక్ చాలావరకు ఒకటే.

2013, 2014ల్లో వరుసగా వరల్డ్ స్ప్రింట్ ఛాంపియన్ అయ్యాడు. ఇక 2014 ఫిబ్రవరి 10, సోచి ఒలింపిక్స్, 500 మీటర్లు. అప్పట్లో రెండు పరుగుల టైమ్ కలిపి ర్యాంకు ఇచ్చేవారు. ఆఖర్లో స్కోర్‌బోర్డు మీద మొదటి ప్లేస్‌లో జాన్ స్మీకెన్స్ పేరు! అతను సంబరాల్లో మునిగిపోయాడు. క్షణాల్లో బోర్డు మారింది. ముల్డర్ 69.312, స్మీకెన్స్ 69.324. తేడా 0.012 సెకన్లు. వాళ్లు వెళ్లే వేగానికి లెక్కేస్తే 17 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు! కాంస్యం ఎవరికనుకున్నారు? రోనాల్డ్‌కే.

ముల్డర్ ఒక్కడే కాదు. అమెరికా అమ్మాయి ఎరిన్ జాక్సన్ కూడా చక్రాల మీంచే వచ్చింది. మంచు మీద కొన్ని నెలల ప్రాక్టీస్‌తోనే 2018 ఒలింపిక్స్‌కి వెళ్లింది. 2022లో 500 మీటర్ల గోల్డ్ కొట్టేసింది.

మరి మన సంగతి? 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ అనూప్ కుమార్ యామ ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు. సింగిల్స్‌లో ఒకటి, అవని పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో ఒకటి. 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. స్పీడ్‌లో అయితే చెన్నై కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2025లో ప్రపంచ ఛాంపియనే అయ్యాడు.

చిక్కల్లా ఒక్కటే. చక్రాల స్పీడ్ స్కేటింగ్ ఒలింపిక్స్‌లో లేదు. ఆ మెడల్ కావాలంటే మంచు ఎక్కాల్సిందే. ప్రగతి నగర్ చెరువు ఏ జనవరిలోనూ గడ్డకట్టదు కాబట్టి లేహ్‌కో, డెహ్రాడూన్‌కో, విదేశాలకో వెళ్లాలి. ఖర్చు తడిసి మోపెడవుతుంది. పైగా టెన్త్ రాగానే కోచింగ్ పేరుతో స్కేట్స్ అటకెక్కుతాయి.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2025లో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో తెలంగాణకి ఐస్ స్కేటింగ్ గోల్డ్ తెచ్చింది నయన శ్రీ తాళ్లూరి. అదే ఏడాది ఆగస్టులో డెహ్రాడూన్ హిమాద్రి రింక్‌లో ఏషియన్ ఓపెన్ షార్ట్ ట్రాక్ పోటీలు జరిగాయి.

కాబట్టి ఈసారి ఆ చుట్టం అదే ప్రశ్న వేస్తే, 17 సెంటీమీటర్ల కథ చెప్పండి. టెన్త్ అయ్యాక కూడా ఆ స్కేట్స్‌ని అటకెక్కనివ్వకండి.